నిలిచిన చేతులు

వార్త వచ్చేటప్పటికి నాంచారమ్మ చేతులు మోచేతులదాకా జెల్లల జిగురులో ఉన్నాయి. పక్కింటి రాజ్యం రేవు నుంచి తడి చీరతో పరిగెత్తుకొచ్చి, గుమ్మం పట్టుకుని ముందు ఆయాసం తీర్చుకుంది.

"మీ బెండేనే అక్కా. మూడు గాట్లూ, ఒక అడ్డగాటూ. నూకాలమ్మ ముసల్దే తీసింది."

నాంచారమ్మ తోమిన చేపను బుట్టలో వేయబోయి మళ్లీ బూడిదలోనే వేసింది. "సరిగ్గా చూశావా?"

"నా కళ్లతో చూశాను. మా ఆయన మొహం కూడా చూశాను. రెండో బెండు మాది."

లంకలో ముప్పై ఎనిమిది ఇళ్లు. ఏ ఇంటి వలకు కట్టిన బెండ్లమీద ఆ ఇంటి గాట్లుంటాయి. ఏటా ఫాల్గుణంలో ఇంటికొక బెండు చొప్పున కొత్తకుండలో వేసి, అందరికంటే పెద్దదైన నూకాలమ్మ కళ్లకు గుడ్డ కట్టి తీయిస్తారు. మొదట వచ్చిన బెండు ఎవరిదైతే ఆ ఇంటి మగవాడు రేవాలమ్మ దోనెకు గెడ వేయాలి. అమ్మవారి ఘటం నిండా, అంచుకు సమానంగా కొల్లేటి నీళ్లు పోసి దోనె మధ్యలో పెడతారు. లంక నుంచి ఒడ్డున ఉన్న అమ్మవారి పుట్టింటికి చేరేలోపల చుక్క తొణక్కూడదు. నాంచారమ్మ మొగుడు సూర్రావు. అతని తండ్రి ఒకసారి గెడ వేశాడు. తండ్రి పోయిన దగ్గర్నుంచి సూర్రావు ఇరవై రెండు బెండ్లు చెక్కి కుండలో వేశాడు. ఇది ఇరవై మూడోది.

అతను వెనక అరుగుమీద ముంత ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నాంచారమ్మ చేతులైనా కడుక్కోకుండా వెళ్లి చెప్పింది. అతను విని, ముంత చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత ముంతలో మిగిలిన కల్లు బెండమొక్కల మొదట్లో పోసి, ముంత కడిగి అరుగుమీద బోర్లించాడు. దాని అడుగుమీద ఒకసారి అరచేత్తో తట్టాడు, చంటిపిల్లను జోకొట్టినట్టు.

పొద్దు వాలకముందే కులపెద్ద భీమరాజు పసుపుదారం పట్టుకుని వచ్చాడు. వెనక పదిమంది దాకా ఉన్నారు.

"తొమ్మిది రోజులురా సూర్రావూ. కల్లు కూడదు, సారా కూడదు. నీసు ముట్టకూడదు. వల గానీ మావు గానీ తాకకూడదు. చేతగాదనిపిస్తే ఇప్పుడే చెప్పు, తప్పేం లేదు. రెండో బెండు సత్తిరాజుది, వాడూ దీక్షలో ఉంటాడు."

"చేతనవుద్ది పెదనాన్నా."

"ఎప్పుడన్నా ఉన్నావా, తొమ్మిది రోజులు?"

సూర్రావు ఆలోచించాడు. "లేదు."

అందరూ నవ్వారు. భీమరాజు కూడా నవ్వి, దారం కట్టడానికి అతని చెయ్యి తీసుకున్నాడు. అప్పుడే తాగి ఉన్నాడు కాబట్టి ఆ చెయ్యి నిలకడగానే ఉంది. పొద్దున లేచేసరికి సూర్రావు చేతులు వణుకుతాయనీ, ముంతెడు లోపలికి పోతేనే నిలుస్తాయనీ లంకంతటికీ తెలుసు. దోనెలు దింపేటప్పుడు, "బాబాయ్, చెయ్యి నిలిచిందా, ఇంకో ముంత కావాలా?" అని ఎవరో ఒకరు అడగడమూ, అతను నవ్వి ఊరుకోవడమూ రోజూ ఉండేదే. రాజ్యం మొగుడు సత్తిరాజైతే ఆ మాట అనకుండా గెడ పట్టడు.

మర్నాడు నాంచారమ్మ కొత్తకుండలో జావ కాచింది. అతను గిన్నె అందుకున్నాడు. నోటిదాకా వెళ్లేలోపల సగం జావ పంచెమీద పడింది. రెండు చేతులతో పట్టుకున్నాడు. గిన్నె పళ్లకు కొట్టుకుని టకటక శబ్దం చేసింది. నాంచారమ్మ గిన్నె తీసుకుని, గుక్క గుక్కా తనే పోసింది.

"ఇది రోజూ ఉండేదేగా," అన్నాడు.

"ఉండేదే."

"మధ్యాహ్నానికి తగ్గుద్ది."

మధ్యాహ్నానికి చెమటలు పట్టాయి. ఫాల్గుణపు గాలి చల్లగానే ఉన్నా అతని వీపుమీద పంచె పిండితే నీళ్లు కారేటట్టుంది. కాకి అరిస్తే ఉలిక్కిపడ్డాడు. మేక తాడు తెంపుకుందని రాజ్యం కేకేస్తే తల పట్టుకుని లోపలికి వెళ్లాడు. చేతికి పని లేకపోవడం మరీ కష్టంగా ఉంది. పెద్దగుంట దగ్గర కిక్కిస పొదల్లో అతను వేసిన పన్నెండు మావులు అట్లాగే ఉండిపోయాయి. వెదురుపుల్లల మావులో దూరిన చేప మళ్లీ బయటికి రాలేదు. ఒకరి మావులు ఇంకొకరు ఎత్తడం లంకలో లేదు. కూర్చున్నచోటే వేళ్లతో మావుల లెక్క పెట్టుకుంటూ, "ఆరో దాంట్లో ఈపాటికి వాలుగ పడి ఉంటది," అన్నాడు.

రెండోరోజు తిన్నది కడుపులో నిలవలేదు. ముందటి రాత్రంతా కంటిమీద కునుకు లేదు. గుండె మెడదాకా కొట్టుకుంటోందని చెయ్యి తీసుకుని మెడమీద పెట్టుకున్నాడు. వలలో పడ్డ చేప కొట్టుకున్నట్టే ఉంది.

"నాంచారీ."

"ఏంటి మావా."

"నాలిక తడవడానికి. ఒక్క గుక్క. ఎవరికీ తెలవదు."

ఆమె కదల్లేదు. అతనే కాసేపటికి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి అన్నాడు: "నేనడిగితే ఇవ్వకు."

"అడిగేది నువ్వేగా."

"నేను కాదనుకో."

ఆమె పెరట్లోకి వెళ్లి, బోర్లించిన ముంతను తీసి, పొయ్యి వెనక కట్టెల్లోకి దోపింది. కళ్లు తుడుచుకుని లోపలికొచ్చి అతని కాళ్లు పిసుకుతూ కూర్చుంది.

మూడోరోజు పొద్దున అతను చూరు వైపు చూస్తూ నవ్వాడు. తాటాకుల మీద చేపలు ఈదుతున్నాయన్నాడు. ముందు ఒకటి రెండన్నాడు, తర్వాత లెక్కలేనన్ని అన్నాడు. లేచి చేతులు చాపి గోడను పట్టుకోబోయాడు. ఒళ్లంతా, దవడతో సహా, ఊగిపోతోంది. చనిపోయిన తండ్రిని పిలిచి, "అయ్యా, తలుపు మూయి, లోపలికొచ్చేత్తన్నాయి," అని పెద్దగా అరిచాడు.

ఆ కేక రేవుదాకా వినబడింది. ముందు రాజ్యం వచ్చింది, తర్వాత ఆడవాళ్లందరూ వచ్చారు. ముసలి నూకాలమ్మ గుమ్మంలో నిలబడి ఒక్క నిమిషం చూసి, "అమ్మోరు," అంది. అంతే. ఎవరో పసుపునీళ్లు తెచ్చారు. ఎవరో డప్పు తెచ్చారు. తలమీద చెంబెడు నీళ్లు పడేసరికి సూర్రావు ఇంకా ఎక్కువ వణికాడు.

భీమరాజు వచ్చి తలపాగా తీశాడు. డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టేసినా నెమ్మదిగా వంగి, పేడనేలమీద సాష్టాంగపడ్డాడు.

"తల్లీ, ఎప్పుడూ దీక్షలో ఇంత తొందరగా రాలేదు. మామీద దయుంచావు. ఈ ఏడు చేపలెట్టా ఉంటాయి తల్లీ?"

"గోడనిండా ఉన్నాయి," అన్నాడు సూర్రావు, పళ్లు కొట్టుకుంటుంటే. "లోపలికొచ్చేత్తన్నాయి. తలుపు మూయండి."

జనం ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నారు. ఇంటినిండా చేపలన్నమాట. చేతులెత్తి మొక్కారు. రోజూ వేళాకోళమాడే సత్తిరాజు అతని కాలిబొటనవేలు కళ్లకద్దుకున్నాడు.

నాంచారమ్మ గోడకానుకుని నిలబడింది. ఆ వణుకు ఆమెకు తెలియనిది కాదు. రోజూ పొద్దున్నే చూసిందే, ఇప్పుడు పదింతలైంది. ఇది అమ్మవారు కాదని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ అప్పుడే భీమరాజు లేచి నిలబడి, ఎన్నడూ లేనిది ఆమెను "అమ్మా" అన్నాడు. "అదృష్టవంతురాలివమ్మా," అన్నాడు. ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంటి ముందు ఎవరూ తలవంచలేదు.

జనం పల్చబడ్డాక, నూకాలమ్మను కాసేపు అతని దగ్గర కూర్చోమని చెప్పి, "పసుపుగుడ్డ కావాలి, ఆకివీడులో తెస్తాను," అంది. సత్తిరాజు తీసుకెళ్తానన్నాడు. వద్దంది.

ఆడవాళ్లు గెడ పట్టడం లంకలో లేనిది కాదు. తుంగ కోయడానికి ఇంటి వెనకదాకా పోతారు. ఆకివీడుదాకా ఒంటరిగా ఎవరూ పోలేదు. నాంచారమ్మ కొంగు బిగించి తాటిదోనె నీళ్లలోకి తోసింది. మొదట గెడ బురదలో దిగబడి రాలేదు, దోనె ముందుకుపోయి తను వెనక్కి వేలాడింది. రెండోసారి పైకి లాగేటప్పుడు కాస్త తిప్పి లాగితే వస్తుందని తెలిసింది. తామరాకుల మధ్యనుంచి పోతుంటే నీటికోడి ఒకటి పిల్లల్ని వెనకేసుకుని ఆకుమీంచి ఆకుమీదికి నడుస్తోంది. ఇంత బాధలోనూ ఆమె గెడ ఆపి, అన్ని పిల్లలూ దాటేదాకా చూసింది. ఐదు.

రైలుకట్ట పక్కన డాక్టరుగారి మందులకొట్టు. డాక్టరుగారు ఏలూరు వెళ్లారు. కాంపౌండరు జ్ఞానయ్య కళ్లజోడు పైకి నెట్టుకుని ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి తాగుతున్నాడమ్మా?"

"ఇరవై ఏళ్లు దాటిందండి."

"రోజూ?"

"రోజూనండి. పొద్దుటే మొదలండి."

"ఒక్కసారిగా మానేశాడా?"

"అమ్మోరి దీక్షండి."

జ్ఞానయ్య చేతిలో కలం బల్లమీద పెట్టాడు. "మమ్మల్ని అడిగుంటే అట్లా మానమనేవాళ్లం కాదు. రోజుకింత చొప్పున తగ్గించేవాళ్లం. సరే, నువ్వు దోనెమీద వచ్చావు కదా. పక్కగాలి గట్టిగా కొడుతుంటే గెడ ఎట్లా పెడతారు?"

"గాలికి ఎదురు ఆనించి తోస్తామండి."

"గాలి ఉన్నట్టుండి ఆగిపోతే?"

"దోనె అటు తూలిపోద్దండి. తోసే చెయ్యి వెంటనే ఆగదు కదండి."

"అదే జరిగిందమ్మా. ఇరవై ఏళ్లు కల్లు ఒంటిని ఒకవైపు నెట్టింది. పడిపోకుండా ఒళ్లు రెండోవైపు తోస్తూ నిలబడింది. ఇప్పుడు కల్లు లేదు. గాలి ఆగిందన్న సంగతి ఒంటికింకా తెలియదు. తోస్తూనే ఉంది. ఆ వణుకూ, చెమటా, గోడమీద చేపలూ అన్నీ అదే."

నాంచారమ్మకు అది అర్థమైంది. ఈ మూడురోజుల్లో అర్థమైన మొదటి మాట అది. "ఎప్పటికి తెలుస్తదండి?"

"నాలుగు, ఐదు రోజులు. మూడోది గడ్డుది. ఫిట్సు వచ్చాయంటే మాత్రం ఇక్కడికి కాదు, రైలెక్కించి ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకుపో. ఆలస్యం చేస్తే మనిషి దక్కడు. జావలో ఉప్పు వేసి మాటిమాటికీ పట్టు. చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచు." గోధుమరంగు సీసాలో మందు పోసి, పక్కన కాగితం ముక్కను గాట్లుగా కత్తిరించి అంటించాడు. "పూటకొక గాటు. వణుకు ఆగిందా, గండం గడిచినట్టే."

బిరడా తీసి వాసన చూస్తే సారాలాగా ఘాటుగా ముక్కులోకి కొట్టింది. ఆమె సీసాను ఒళ్లో దాచుకుని, పసుపుగుడ్డ కొనుక్కుని దోనె ఎక్కింది. అమ్మవారు వచ్చిన మనిషికి మందు తెచ్చానని లంకలో ఎట్లా చెప్పడం? ఇంటికొచ్చాక సీసాను బియ్యంకుండలో గింజల కిందికి దింపింది.

నాలుగోరోజంతా ఆమె తలుపు వేసి ఉంచింది. అమ్మవారికి అలసటగా ఉందంటే జనం గుమ్మంలోనే కొబ్బరికాయలు పెట్టి వెళ్లారు. చేప లేకుండా అన్నం తినని ఇళ్లవాళ్లు ఎక్కడినుంచి తెచ్చారో అరటిపళ్లు, బెల్లం తెచ్చారు. డప్పు వద్దని ఆమె చెప్తే ఆపేశారు. మందు గొంతులో పోస్తే అతను మొహం చిట్లించి మింగాడు, అడగలేదు. సాయంత్రానికి చేపల సంగతి మాట్లాడటం మానేశాడు. తర్వాత నిద్రపోయాడు. అట్లా ఇట్లా కాదు, నోరు తెరుచుకుని, గురక పెట్టి. నాంచారమ్మ ఆ గురక వింటూ గోడకానుకుని తనూ నిద్రపోయింది.

ఐదోరోజు పొద్దున ఆమె లేచేసరికి అతను మంచంమీద కూర్చుని ఉన్నాడు.

"ఆకలేస్తంది."

జావ తెచ్చింది. గిన్నె తనే పట్టుకున్నాడు. అంచు కొంచెం కదిలింది, అంతే. తాగి, గిన్నె అడుగుదాకా చూసి, "ఇంకాస్త ఉందా?" అన్నాడు. ఉన్నది పోసింది. తనకోసం దాచుకున్నదీ పోసింది. మధ్యాహ్నం అన్నంలో పప్పు కలుపుకుని రెండోసారి వడ్డించమన్నాడు. పొద్దుండగా అన్నం తినడమే ఎరగని మనిషి. పచ్చిమిరపకాయ కొరికి, కళ్లలో నీళ్లొస్తే నవ్వాడు.

"ఏంటే ఈ వాసన?"

"ఏ వాసన?"

"తియ్యగా. అంతలోనే చేదుగా."

ఆమె ముక్కు ఎగబీల్చి చూసి, "వేపపూత మావా," అంది. ఇంటి పక్క వేపచెట్టు. పెళ్లయి ఆమె ఈ ఇంటికొచ్చిన ఏడు నాటింది. ఏటా పూస్తూనే ఉంది. అతను బయటికి వెళ్లి, రాలిన పూత గుప్పెట్లోకి తీసుకుని, చిన్నపిల్లవాడు కొత్తబట్ట వాసన చూసినట్టు చూశాడు.

ఆ రెండురోజులూ నాంచారమ్మకు పని చేస్తున్నట్టే అనిపించలేదు. అతని కళ్లలో ఎర్రజీరలు ఒక్కొక్కటే పోతుంటే దగ్గరగా వెళ్లి చూసేది. "ఏంటట్లా చూస్తన్నావు, కొత్తపెళ్లికూతుర్లాగా," అనేవాడు. "పాతపెళ్లికొడుకు బాగున్నాడని," అనేది. ఒకసారి పొయ్యి దగ్గర తనలో తనే పాడుకుంటున్నానని గమనించి, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూసింది.

ఆరోరోజు అతను నూలుకండె తీసుకున్నాడు. కొత్తగా వల అల్లుకోవడానికి దీక్షలో అడ్డమేమైనా ఉందేమోనని నూకాలమ్మను అడిగించాడు. నీళ్లలో తడవని వల వల కాదు, నూలేనంది ఆమె. అరుగుమీద కూర్చుని అల్లడం మొదలుపెట్టాడు. కండె సందులోంచి దూరడం, ముడి బిగియడం, వేలితో తోసి పక్కకు జరపడం. ఒక్కొక్క కన్నూ పక్కకన్నుకు సరిసమానంగా పడుతోంది. ఇదివరకు అతనల్లిన వలలో చిన్నకన్నూ పెద్దకన్నూ పక్కపక్కనే ఉండేవి. ఆమె పెరట్లో పళ్లెం తోముతూ, తోమిన పళ్లాన్నే మళ్లీ తోముతూ, ఆ వేళ్లను చూసింది.

"అక్కా, మొన్న నేనిచ్చిన బియ్యం బదులు తీసుకుపోదామని వచ్చాను," అంది రాజ్యం.

"కుండలో ఉన్నాయి, తీసుకోవే," అంది నాంచారమ్మ, తల తిప్పకుండానే.

రాజ్యం లోపలికి వెళ్లింది. రావడానికి కొంచెం ఆలస్యమైంది. వచ్చి, చేటలో బియ్యం చూపించి, గబగబా వెళ్లిపోయింది.

ఏడోరోజు పొద్దున సూర్రావు నీళ్లబిందెను అంచుదాకా నింపి తన దోనె మధ్యలో పెట్టుకుని, రేవు ముందు గెడ వేసి చూసుకున్నాడు. తండ్రి నేర్పిన పద్ధతి. గెడ నీళ్లలో వేయకూడదు, దించాలి. నేలకు తగిలిందని అరచేతికి తెలిసిన తర్వాతే బరువు వేయాలి. పోయి, తిరిగి, ఒడ్డుకు ఆనించాడు. బిందె అంచుమీద నీళ్లు ఆకాశాన్ని పట్టుకుని అట్లాగే ఉన్నాయి. నాంచారమ్మ ఒడ్డున కూర్చుని బిందె చుట్టూ దోనె చెక్కమీద వేలు పెట్టి రాసి చూసింది. పొడిగా ఉంది. ఆ పొడివేలు అతనికి చూపించింది.

అప్పుడు రేవులో ఉన్నవాళ్లెవరూ మాట్లాడటం లేదని గమనించింది.

"చెయ్యి నిలిచింది," అన్నాడు సత్తిరాజు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

పొద్దు వాలుతుండగా భీమరాజు వచ్చాడు. నూకాలమ్మ, సత్తిరాజు, ఇంకో నలుగురు వెంట ఉన్నారు. రాజ్యం అందరి వెనకా తల దించుకుని నిలబడింది. సూర్రావు నూలుకండె కింద పెట్టి లేచాడు.

"చేతులు చాపరా," అన్నాడు భీమరాజు.

చాపాడు. చాపిన చేతులు రెండు చెక్కల్లాగా నిలిచాయి. అతని మొహంలో కొంచెం గర్వం కూడా కనిపించింది.

"ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి తగ్గింది పెదనాన్నా. ఇప్పుడసలు లేదు."

"నీ చెయ్యి ఎప్పుడు నిలుస్తదో ఈ లంకలో అందరికీ తెలుసు." భీమరాజు గొంతులో కోపం లేదు. చెప్పడానికి ఇష్టం లేని మాట చెప్తున్నవాడిలాగా ఉంది. "అమ్మోరు ఉన్నప్పుడు ఊగిపోయావు. అందరం చూశాం. ఇప్పుడు రాయిలాగా ఉన్నావు. అమ్మోరు ఎందుకు వెళ్లిపోయింది?"

"నేను ముట్టలేదు పెదనాన్నా. కావాలంటే నోరు వాసన చూడు."

"ఇరవై ఏళ్లుగా జామాకు నములుతున్న నోరు. దాంట్లో నేనేం చూడను?"

సత్తిరాజు పైపంచె కింద నుంచి గోధుమరంగు సీసా తీసి అరుగుమీద పెట్టాడు. అడుగున రెండు గాట్ల మందు మిగిలి ఉంది. "మీ బియ్యంకుండలోది. పొద్దున మీరు రేవులో ఉండగా మనవాళ్లు తెచ్చారు. వాసన చూడండి."

సీసా చేతులు మారింది. వాసన చూసినవాళ్లందరూ మొహం పక్కకు తిప్పారు.

"మందండి అది," అంది నాంచారమ్మ. "నేనే తెచ్చాను. ఆకివీడులో కాంపౌండరుగారిచ్చారు. మీరెవరన్నా వెళ్లి అడగండి, జ్ఞానయ్యగారని."

"ఎప్పుడు తెచ్చావు?"

"మూడోనాడు."

"పసుపుగుడ్డకన్నావు."

"అవునండి. అబద్ధమాడాను."

"మందు దేనికి?"

"ఆ వణుకుకండి. కల్లు మానినవాళ్లకు అట్లాగే వస్తదంట. ఒంటికి తెలియక. నాలుగైదు రోజుల్లో పోద్దంట. అట్లాగే పోయింది."

భీమరాజు ఆమెను చూశాడు. ముసలి కళ్లు తడిగా ఉన్నాయి.

"అయితే అది అమ్మోరు కాదంటావు."

ఆమె సీసా వైపు చూసింది.

"నేను సాష్టాంగపడ్డాను. నా మనవలు మొక్కారు. మేం మొక్కింది జబ్బుకా?"

వేపచెట్టుమీంచి పూత రాలి సీసా పక్కన పడింది. ఆ రోజు నోరు తెరిచి మూసుకున్న క్షణం నాంచారమ్మకు గుర్తొచ్చింది. అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడు చెప్తే, లంకంతా కలిసి వంచిన తలను ఒక్కతే వెనక్కి నెట్టినట్టుంది.

"రేపు పొద్దున అమ్మోరి గద్దె ముందుకు రా," అన్నాడు భీమరాజు సూర్రావుతో. "డప్పు కొట్టిస్తాను. అమ్మోరు మళ్లీ నీమీదికొస్తే గెడ నీదే. నేనే నీ కాళ్లు కడుగుతాను. రాకపోతే ఎల్లుండి సత్తిరాజు వేస్తాడు. ఇంతకంటే నేనేం చెయ్యలేనురా."

వాళ్లు వెళ్లిపోయారు. రాజ్యం చివరిదాకా ఉండి, "సీసా నేనే చూశానక్కా. మా ఆయనతో అన్నాను. ఇట్లా అవుద్దనుకోలేదు," అని, బదులు కోసం ఆగకుండా పోయింది. నూకాలమ్మ మాత్రం కర్ర ఊతంగా వెనక్కొచ్చి నాంచారమ్మ చెవి దగ్గర అంది: "కాసేపు వణకమను. డప్పు మోగుతుంటే ఎవరు చూడొచ్చారు? ఎంతమందిని చూశాను నేను."

సూర్రావు సీసా తీసుకుని, కాగితం గాట్లమీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు.

"ఇవన్నీ నేను తాగానా?"

"తాగావు. నీకు తెలవదు."

"ఆకివీడు నుంచి తెచ్చావు."

"తెచ్చాను. నీతో చెప్పాల్సింది. వాళ్లతోనూ ఆ రోజే చెప్పాల్సింది. నావల్లే మావా."

అతను ఇంకా గాట్లనే చూస్తున్నాడు. "దోనె ఎవరు వేశారు?"

"నేనే."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

అతను తలెత్తి ఆమెను చూశాడు. ఆమె అరచెయ్యి తీసుకుని తిప్పాడు. గెడ రాసుకుని బొబ్బలెక్కి, చితికి, ఎండిపోయిన చర్మం. నాలుగురోజులుగా ఆ చేత్తోనే అన్నం పెడుతోంది. అతను చూడలేదు.

"నూకాలమ్మత్త చెప్పింది విన్నావా," అంది ఆమె, చెయ్యి లాక్కోకుండానే. "కాసేపే కదా మావా. ఇరవై మూడు బెండ్లు వేశావు. మీ అయ్య వేసిన దోనె."

సూర్రావు రెండు చేతులూ ముందుకు చాపాడు. మునివేళ్లు చూస్తూ కదిలించడానికి ప్రయత్నించాడు. వేళ్లు ఆడాయి. చీమను దులుపుకుంటున్నట్టుంది గానీ వణుకులాగా లేదు. దవడ కదిపాడు. మరోసారి ప్రయత్నించి, చేతులు ఒళ్లో పెట్టేసుకున్నాడు.

"రావడం లేదే," అన్నాడు. "మర్చిపోయినట్టున్నాయి."

నవ్వబోయాడు. ఆమె ఏడ్చింది. అతను ఓదార్చలేదు, ఏడవనిచ్చాడు. చెరువుగట్టు తాటిచెట్లకు కల్లు లొట్లు కట్టి ఉన్నాయి. సాయంకాలపు గీత గీసి దిగిన మనిషి కావిడి భుజాన వేసుకుని ఇంటి ముందు నుంచి పోతూ, రోజూ ఆగే చోట అలవాటుగా అడుగు నెమ్మది చేశాడు. సూర్రావు అతన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. నాంచారమ్మ ఏడుపు ఆపి ఊపిరి బిగబట్టింది. కావిడి కిర్రుకిర్రుమంటూ ముందుకు సాగి, మలుపు తిరిగిపోయింది.

సూర్రావు మణికట్టుకున్న పసుపుదారం ముడి మునివేళ్లతో విప్పడం మొదలుపెట్టాడు. చిన్నముడి, నీళ్లకు బిగిసిపోయింది. పంటితో కొరకలేదు. ఓపికగా, ఒక పోగు తర్వాత ఒక పోగు వదులు చేసి విప్పాడు. దారాన్ని చుట్టి చూరులో దోపాడు.

"రేపు గద్దె దగ్గరికి పోవా?" అంది.

"పోను. మావులెత్తాలి. ఎనిమిదిరోజులైంది. పడ్డవన్నీ చచ్చి ఉంటాయి. అయినా ఎత్తాలి, కడుక్కోవాలి." వల మడిచి పక్కన పెట్టి, చూరుకు ఆనించిన గెడను తీసి ఆమె వైపు నిలబెట్టాడు. "తెల్లారకముందే బయల్దేరదాం. డప్పు మోగేసరికి పెద్దగుంట దాటిపోవాలి."

ఆమె గెడ వైపు చూసింది.

"రేపు నువ్వు వెయ్యి," అన్నాడు. "నేను ముందు కూర్చుంటాను."